పళ్ళతో విన్న మేస్త్రి

ఆ షెడ్డులో నలభై ఏళ్ళుగా ఒకటే కట్టుబాటు. రోగం ఏమిటో మేస్త్రి నోటితో చెప్పాకే బండికి బోల్టు విప్పాలి. "విప్పి చూసి ఎవడైనా చెబుతాడు, దానికి నేనెందుకు?" అనేవాడు. శబ్దం విని జబ్బు చెప్పేస్తాడని జనం అతనికి చెవుల మేస్త్రి అని పేరు పెట్టారు.

రెండేళ్ళుగా ఆ పేరు తలుచుకుంటేనే అతనికి గుండె జారుతోంది. ఎడమ చెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. కుడిది బుద్ధి పుట్టినప్పుడు పనిచేస్తుంది. ఈ గుట్టు పరమేశ్వరుడికి తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఎవరేమన్నా "చూద్దాం లే" అనేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగినా అదే జవాబు.

అదే షెడ్డులో పనిచేసే అల్లుడు "మామయ్యా, ఇక విశ్రాంతి తీసుకోండి" అని పోరుతుంటే, ఒకనాడు మేస్త్రికి రోషం వచ్చి నోరు జారాడు. "ఒక్క బండి రోగం తప్పు చెప్పానా, షెడ్డు తాళాలు నీ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటా!" ఇంట్లో కూర్చోవడమంటే అతనికి బతికుండగానే పటమై గోడకు వేలాడటం.

ఆ మర్నాడే పశువుల డాక్టరమ్మ పాత జీపు వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి. కొండమీది కొట్టాలకు ఇంకే బండీ ఎక్కదు.

"పట్నంలో ఆయిలు సీలు రెండుసార్లు మార్పించాను, ఇంకా ఆయిలు కారుతోంది. నా బండి బాగయ్యేదాకా ఆవులు ఈనకుండా ఆగవు కదా మేస్త్రీ!"

"చూద్దాం లే" అన్నాడు మేస్త్రి.

అల్లుడు బండ్ల రోగం చూపే తన కంప్యూటరు పట్టుకుని జీపు చుట్టూ ప్రదక్షిణ చేశాడు. దాన్ని తగిలించే చోటే ఆ పాత జీపులో లేదు. చివరికి కింద దూరి చూసి, "గేర్‌బాక్సు వెనక పెట్టె కారుతోంది మామయ్యా. సీలు మళ్ళీ మార్చేస్తే సరి" అన్నాడు. ఇంజిను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే ఆ పెట్టెనే ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు.

మేస్త్రి జీపును స్టాండ్లెక్కించి, గేరు వేసి చక్రాలు తిప్పమని అల్లుడికి చెప్పాడు. చెవికి ఏ చప్పుడూ అందలేదు. కింద దూరి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనను పెట్టెకు ఆనించి, కర్ర పిడిని పళ్ళతో కరిచాడు. ఇదేదో స్టైలని అల్లుడు నవ్వుకున్నాడు.

దవడ ఎముకలోంచి తిరగలి మోత తలలోకి పాకింది. మొనను గేర్‌బాక్సు మీదికి జరిపితే అక్కడ ఎండు గొంతు మూలుగు. మేస్త్రికి ప్రాణం లేచివచ్చింది. బండి ఆపించి పెట్టెలోంచి బయటికొచ్చే షాఫ్టు పట్టుకుని ఊపాడు. పిప్పిపన్నులా కదిలింది.

"పెట్టెలో బేరింగు అరిగింది. ఎన్ని సీళ్ళు వేసినా ఊగే షాఫ్టు చింపేస్తుంది. పెట్టెకూ గేర్‌బాక్సుకూ నడుమ ఉన్న సీలూ పోయింది. గేర్‌బాక్సు ఆయిలంతా పెట్టెలోకి దిగుతోంది. ఇప్పుడు విప్పు!"

అల్లుడు ముందు గేర్‌బాక్సుకు ఆయిలు పోసే బోల్టు విప్పి వేలు పెట్టాడు. ఆయిలు అందలేదు. నమ్మలేక పెట్టె బోల్టు విప్పాడు. నిండి ఉన్న ఆయిలు బుడబుడమని అతని కొత్త చొక్కా మీదికి దూకింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. తాళాలు మేస్త్రి మొలకే ఉండిపోయాయి. అతను మీసం దువ్వుకుంటుంటే, క్యారియరుతో వచ్చిన భార్య వెనక నిలబడింది.

"ఏవండీ, షెడ్డు తగలబడుతోంది."

"చూద్దాం లే" అన్నాడు మేస్త్రి, తిరగకుండానే.

అల్లుడు చొక్కా తుడుచుకోవడం ఆపేశాడు. ఆమె ఎదురుగా వచ్చి, స్క్రూడ్రైవరు తీసుకుని కొంగుతో తుడిచింది. మొనను అతని పళ్ళ నడుమ ఉంచి, పిడిని తన దవడకు ఆనించుకుంది.

"నాకు రెండేళ్ళుగా తెలుసు. మీ అంతట మీరే చెబుతారని ఆగాను. చూద్దాం లే తప్ప మీ నోటి వెంట ఇంకో మాట విని నాకూ రెండేళ్ళయింది. రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళుతున్నాం."

ప్రతి మాటా అక్షరం పోకుండా వినిపించింది. ఆమె గొంతు ఇంత మెత్తనిదని మరిచిపోయినందుకు మేస్త్రికి సిగ్గేసింది, కళ్ళు చెమర్చాయి. అలవాటుగా చూద్దాం లే అనబోయాడు.

నోట్లో స్క్రూడ్రైవరుంది. తలూపాడు.