గుడి లేని సముద్రం

మన దేశానికి మూడు వైపులా సముద్రం ఉందని బళ్ళో చెప్పారు. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే కాబట్టి అంతకు మించి చెప్పే అవకాశం వాళ్ళకు దొరకలేదు. మిగతాది యాత్ర బస్సుల్లో నేర్చుకున్నాను. పూరీలో అల మనిషిని పడేసి వెళ్ళిపోతుంది. రామేశ్వరంలో సముద్రం చెరువులా పడుకుని ఉంటుంది. కన్యాకుమారిలో రాళ్ళ మీద కాలు జారుతుంది. ద్వారకలో ఆ గాలికి తడిబట్టలు ఇట్టే ఆరిపోతాయి. ఎక్కడ చీర మార్చుకోవడానికి చాటుంది, ఎక్కడ చెప్పులు పోతాయి, ఎక్కడ పంతులు సంకల్పం సగంలో ఆపి చెయ్యి చాపుతాడు, అన్నీ నాకు తెలుసు. దేవుళ్ళకు కొండలంటే ఇష్టమని అంటారు గానీ, నేను చూసినంతలో వాళ్ళకూ సముద్రపు గాలే ఇష్టం. మంచి స్థలాలన్నీ ముందే పట్టేసుకున్నారు.

అందుకే కిందటి వేసవిలో, కోతలైపోయి ధాన్యం ఇంట్లోంచి కదిలాక, అందరం కలిసి ఏదైనా సముద్రం దగ్గరికి వెళ్దామని మా అబ్బాయి అన్నప్పుడు, ఎక్కడికో చెప్పాల్సింది నేనే అనుకున్నాను. మాది వాకాడు దగ్గర పల్లె. మిద్దె మీద నిలబడితే సముద్రం హోరు వినిపిస్తుంది. ఊరికే వచ్చే ఆ హోరును వదిలేసి ఇంకో హోరు కోసం రైలెక్కడం నా దృష్టిలో దండగ. అయినా సరే అన్నాను. సముద్రం ఒడ్డునే గుడి ఉన్న తిరుచెందూరు నేనింకా చూడలేదు.

అప్పుడు మా కోడలు మాట్లాడింది. ఆమెది సంగం. పెన్న ఒడ్డున, గుడిగంటలు వింటూ పెరిగిన పిల్ల. మా ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు. చెప్పాలనుకున్నది గిన్నెల చప్పుడులో చెబుతుంది. ఆ రోజు గిన్నె కింద పెట్టి మరీ నోటితో చెప్పింది.

"అత్తా, ఈ తూరి గుడి లేని సముద్రం కాడికి పోదాం."

గుడి లేకపోతే అక్కడ చేసేదేముందని అడిగాను.

"ఊరకే కూచుంటా."

"ఊరకే కూచునేదానికి అంత దూరం ఎందుకే? మన పంచలో కూచో."

"పంచలో కూచుంటే నువ్వు పిలస్తావు గదత్తా."

మా అబ్బాయి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంటరు చదివే మనవరాలు మాత్రం దాపరికం లేకుండా నవ్వింది. కోడలు అంతటితో ఆగలేదు. నా వెంట ఇన్ని సముద్రాలకు వచ్చి ఒక్కదాన్నీ చూడలేదట. పూరీలో బస్సు వెనక స్టవ్వు పెట్టుకుని, సముద్రానికి వీపు తిప్పి పప్పు వండిందట. రామేశ్వరంలో తడిచీరతో నా సంచి మోస్తూ క్యూలో నిలబడిందట. కన్యాకుమారిలో సూర్యుడు వస్తున్నాడని జనమంతా అటు తిరిగితే, తను ఇటు తిరిగి ఉప్మా కలుపుతోందట. ఆ ఉప్మా ఎవరు అడిగితే చేసిందో కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను.

చివరికి రెండు షరతులు తేలాయి. అక్కడ గుడి ఉండకూడదు. మన స్టవ్వు రాకూడదు.

రెండోది నాకు ఎక్కువ గుచ్చుకుంది. చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం మూట, ఊరగాయ సీసా లేకుండా నేను జిల్లా దాటింది లేదు. హోటళ్ళలో పోసే సాంబారుతో చెయ్యి కడుక్కోవచ్చు గానీ అన్నం తినలేం. కానీ ఇరవై ఏళ్ళుగా ఏదీ అడగని మనిషి ఒకటి అడిగింది. కాదంటే ఇంకో ఇరవై ఏళ్ళు అడగదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

మనవరాలు ఫోనులో దేశపటం తెరిచింది. ఆ పిల్ల పేరు చెప్పడం, నేను కొట్టేయడం. ఒడిశాలో గోపాలపురం సముద్రం బాగుంటుందంది. పేరులోనే దేవుడున్నాడన్నాను. విశాఖపట్నమంది. అంత దూరం వెళ్ళి సింహాచలం ఎక్కకుండా వస్తే నాకు నిద్ర పట్టదు, నాకు పట్టకపోతే ఇంట్లో ఎవరికీ పట్టదు. మహాబలిపురంలో బండరాయి కనపడితే చాలు గుడి చెక్కారు, ఒకటైతే అలల అంచునే ఉంది. మురుడేశ్వరంలో శివుడు ఎంత ఎత్తుగా కూర్చున్నాడంటే, మా కోడలు కుర్చీ ఎటు తిప్పుకున్నా ఆయన కళ్ళ ముందే ఉంటుంది. మన మైపాడే చాలదా అంటే, అక్కడ దిగీ దిగకముందే నెల్లూరు చుట్టాలు క్యారియర్లతో వచ్చేస్తారు. గోవా అని మా అబ్బాయి పేపరు వెనక నుంచి అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహం చూసి దాన్ని నేను వెంటనే కొట్టేశాను.

అలా పటంలో కిందికి దిగి, మొన చుట్టి, అవతలి గట్టున మళ్ళీ పైకి వస్తే, కేరళలో కన్నూరు దాటాక ఒక చిన్న పల్లె దొరికింది. కొబ్బరి చెట్లు, పడవలు, ఒక మసీదు, ఒక చర్చి. వాటితో మా కోడలికి పేచీ లేదు. అక్కడ నేను ఆమెను క్యూలో నిలబెట్టను గదా. గుడి లేదని మనవరాలు ఒట్టేసి చెప్పింది. నేనూ కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను, ఆశగానే. కనపడలేదు.

గూడూరులో రైలెక్కి, చెన్నైలో మారి వెళ్ళాం. స్టవ్వు లేని చేతులు నడిచినంతసేపూ ఊరికే ఊగుతూ ఉంటే నాకే సిగ్గేసింది. అక్కడి సముద్రం మన సముద్రంలా మీదికి రాదు. వచ్చిన పని చూసుకుని నెమ్మదిగా వెనక్కు పోతుంది. మేము దిగిన ఇంటావిడ చేపల పులుసులో కొబ్బరి వేసింది. అది పులుసును చెడగొట్టడమే. రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ ఆ మాట చెప్పాను.

మా కోడలు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇసుకలోకి లాక్కుని కూర్చుంది. నీళ్ళలో దిగలేదు, గవ్వలు ఏరలేదు, ఫోటో తీయించుకోలేదు. వాళ్ళాయన వచ్చి పలకరిస్తే ఊఁ అంది. సాయంత్రం దాకా చూశాను. ఆ కూర్చోవడంలో నాకు తెలియని విశేషమేదైనా ఉందేమోనని. ఏమీ లేదు, ఉత్త కూర్చోవడమే.

మర్నాడు పొద్దున్నే నేను ఒక్కదాన్నే ఇసుక వెంట ఉత్తరంగా నడిచాను. ఊరు దాటాక జీడిమామిడి చెట్ల వెనక ఎర్రరాతి గోడ కనపడింది. నా కాళ్ళు నన్ను అడగలేదు, లోపలికి వెళ్ళాయి. చిన్న గుడి. రాతి మీద పసుపు, ఎర్రగుడ్డ, ఎవరో వెలిగించి వెళ్ళిన దీపం. అమ్మవారే. పూజారి లేడు, హుండీ లేదు, క్యూ లేదు, జరగండి జరగండి అనేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ ఇన్ని గుళ్ళలో నేను కోరుకున్నది ఇదే. సరిగ్గా రాకూడని యాత్రలో వచ్చింది.

కోడలిని పిలుచుకొద్దామనుకున్నాను. వస్తుంది. మారు మాట్లాడకుండా తలస్నానం చేసి, పూలు వెతికి తెచ్చి, నా పక్కన చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆ తరవాత ఆ కుర్చీలో మళ్ళీ కూర్చుంటుంది గానీ, అది అత్త పిలిచేదాకా కూర్చోవడం అవుతుంది.

"అమ్మా, నువ్వుండావని నేను చెప్పను. నేనొచ్చినానని నువ్వూ చెప్పబాక," అన్నాను. మూడు ప్రదక్షిణలకు బదులు ఒకటి చేశాను. మిగతా రెండు ఆమె సర్దుకుంటుంది, ఆమెకూ కోడళ్ళు ఉండే ఉంటారు. అలవాటు కొద్దీ నుదుటికి పసుపు రాసుకున్నాను. ఒడ్డుకు వచ్చాక గుర్తొచ్చి, ఉప్పునీళ్ళతో కడిగి కొంగుతో తుడిచేశాను.

నేను తిరిగి వచ్చేసరికి మా కోడలు అదే కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంది. తల తిప్పకుండానే అడిగింది.

"అటుపక్క ఏముండాదత్తా?"

"ఏముంటాది? ఇసక."

కాసేపు నన్ను చూసింది. నా నుదురునూ చూసింది. మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.

నేనూ ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎండ ఎక్కింది, నోరెండింది. మంచినీళ్ళు తెమ్మనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. లేచి వెళ్ళి నేనే తెచ్చుకున్నాను. ఆమెకు తేలేదు. మరీ అంత చేస్తే అనుమానం వస్తుంది.