రేణుకమ్మ విత్తనాల కుండ

మానవపాడు పక్క పల్లెలో పత్తి రైతులంతా దుకాణపు ప్యాకెట్ల వెంట పడ్డ రోజుల్లో కూడా రేణుకమ్మ తన విత్తనం తానే దాచుకునేది. అత్త చేతి నుంచి వచ్చిన మట్టికుండలో గింజలకు బూడిద కలిపి, పైన వేపాకు పరిచి, మూతికి గుడ్డ కట్టి అటకెక్కించేది. ప్యాకెట్ కొనే దిక్కులేనివాళ్లకు ఆ కుండే ఆధారం. కొడుక్కి పెళ్లయి బాలమణి కోడలిగా వచ్చాక రేణుకమ్మకు ఒకటే తపన. అత్త తనకిచ్చినట్టే ఆ కుండను నిండుగా కోడలి చేతిలో పెట్టాలి.

ఆమెకో పట్టింపు ఉండేది. తన చెయ్యి పడ్డ ఏ చేనునూ విత్తనం తీయకుండా వదిలేది కాదు. తొలిసారి పత్తి ఏరిన రోజు మంచి కాయలు కొంగున కట్టుకొస్తేనే పంట ఇంటికొచ్చినట్టు లెక్క.

తొంభై ఎనిమిదిలో ఒక కంపెనీవాళ్లు రేణుకమ్మ వాళ్ల చేనులో కొంత కౌలుకు తీసుకున్నారు. కొత్తరకం పత్తి, పురుగు పట్టదన్నారు. ఆ మొక్కలోకి వేరే జీవి గుణాన్ని ప్రయోగశాలలో ఎక్కించారనీ, ఇది పరీక్ష పంటనీ, ఒక్క గింజ కూడా బయటికి పోకూడదనీ చెప్పడానికి మాత్రం వాళ్లకు నోరు రాలేదు. అక్కడ కూలికి పత్తి ఏరిన రేణుకమ్మ అలవాటు కొద్దీ పిడికెడు గింజలు తెచ్చి తన కుండలో కలిపేసింది.

చలికాలంలో ప్రభుత్వ అధికారులు జీపు దిగారు. ఇన్నాళ్లూ ఎక్కడ నిద్రపోయారో గానీ, వస్తూనే కంపెనీవాళ్లు షరతులు తప్పారని పైరంతా తగలబెట్టమన్నారు. వాళ్లలో పెద్దాయన ఊరివాళ్లను కూడేసి, "ఈ గింజ మీ విత్తనంలో కలిస్తే మళ్లీ విడదీయలేం. ఎవరైనా దాచి ఉంటే చెప్పండి" అన్నాడు.

రేణుకమ్మ లేవబోయింది. భర్త నాగప్ప ఆమె చెయ్యి పట్టుకుని, "ఊకో. ఎవలు జూసిండ్రు?" అన్నాడు మెల్లగా.

"నా కాడ తీస్కపోయేటోళ్ల చేండ్లకు గూడ పోతది గద. గట్లెట్ల ఊకుంట?" అని ముందుకు పోయింది. "పిడికెడే ఏసిన సార్. గవి తీస్కపోండ్రి. మాయి మాకు ఇడువుండ్రి."

ఆయన అటక మీది కుండను తెప్పించి చాప మీద ఒంపించాడు. "ఆ గింజలేవో చూపించమ్మా."

రేణుకమ్మ ఏరడానికి కూర్చుంది. ఒకటి పక్కన పెట్టింది. మళ్లీ కుప్పలో వేసింది. నూగు ఒకటే, రంగు ఒకటే. ఇన్నేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న గింజను తానే గుర్తుపట్టలేకపోతున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. చివరికి చేతులు దులుపుకుని పక్కకు జరిగింది.

మొత్తం తీసుకుపోయి చేనులో మంట మీద పోశారు. పెద్దాయన కఠినుడేం కాదు, "తప్పదమ్మా" అన్నాడు. సంగతి దాచిపెట్టిన కంపెనీవాళ్లు మళ్లీ ఊళ్లో కనబడలేదు. నిజం చెప్పిన మనిషి ఇల్లు ఖాళీ అయింది. ఇదేం న్యాయమని అడిగే నాథుడు లేడు.

మరుసటి తొలకరికి పక్కింటి జానకమ్మ విత్తనాలకు చేట పట్టుకుని వచ్చింది. "లేవు జానకమ్మా" అంది రేణుకమ్మ. ఆ గడపలో అంతకుముందు ఆ మాట ఎవరూ వినలేదు. జానకమ్మ ఉత్త చేటతో వెళ్లిపోయింది.

అదంతా చూస్తున్న బాలమణి సాయంత్రం కుండను దింపి కడిగింది. "అత్తమ్మా, గిది ఉత్తగనే ఉన్నది గద. చింతపండు పెట్టుకోనా?"

"పెట్టుకో బిడ్డా" అంది రేణుకమ్మ.