బొట్టు లేని కార్డు

మీ కెమెరాలో ఉన్న మెమొరీ కార్డును మీరు పరీక్షించారా, నమ్మారా? తొందరపడి జవాబు చెప్పకండి. దేన్నీ ఊరికే నమ్మనని ముప్పై ఏళ్లుగా సభల్లో చెప్పుకుంటూ తిరిగినవాణ్ని నేను. గోరంత ప్లాస్టిక్ ముక్కను మాత్రం నమ్మేశాను.

నాది జనగామ. ఫలానా ఆమె మంత్రాలు చేస్తుందని ఏ ఊళ్లోనైనా పుకారు పుట్టిందని తెలిస్తే కెమెరా భుజాన వేసుకుని వెళ్తాను. అన్నవాళ్లతో, అనిపించుకున్నవాళ్లతో మాట్లాడి రికార్డు చేస్తాను. ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కడమే కష్టంగా ఉంది. అదే వాదన, అవే జవాబులు. ఒక్కోసారి నా ఉపన్యాసం నాకే నిద్ర తెప్పిస్తుంది.

మొన్నటి దసరా వెళ్లిన వారానికి కార్డు కోసం మా బజారులోని కెమెరా దుకాణానికి వెళ్లాను. పండగ రోజు దుకాణదారు బల్లకు, గల్లాపెట్టెకు, గోడకు వేలాడే కార్డు పాకెట్లకు కూడా వరసగా కుంకుమ బొట్లు పెట్టాడు. అవి ఇంకా అలాగే ఉన్నాయి.

"బొట్టు పెడితే వేగం పెరుగుతదా?" అన్నాను.

"కార్డుకు పెట్టలే సార్, అట్టకు పెట్టిన. లోపల కార్డుకు ఎరుక గూడ లేదు."

"నాకు బొట్టు లేనిది కావాలె."

"పాకెట్ సించి ఇస్త, బొట్టు నా దగ్గర్నే ఉంచుకుంట. సరేనా?"

నేను ఒప్పుకోలేదు. పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. పక్కన ఫొటోల కోసం వచ్చిన ఇద్దరు నవ్వుకుంటూ విన్నారు. చివరికి అతను సొరుగులోంచి అట్టా పాకెట్టూ లేని ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"బొట్టు లేనిది గిదొక్కటే ఉన్నది. ఎవలో ఇచ్చిపోయిండ్రు. మంచిదో కాదో నాకెరుక లేదు. మల్ల నన్ను అడగొద్దు."

కార్డు మీద పెద్ద అంకెలు ఉన్నాయి. ఎంత పడుతుందో, ఎంత వేగమో. ఆ అంకెలు చూసి, గెలిచినవాడిలా జేబులో వేసుకుని వచ్చాను.

రెండు నెలలకు, మొదటిసారి ఆ కార్డుతోనే భూపాలపల్లి దాటి మహదేవపూర్ వైపు ఒక ఊరికి వెళ్లాను. అక్కడ ఒంటరిగా ఉంటున్న ఒక ముసలామె మీద ఆమె భర్త అన్న కొడుకే నింద వేశాడు. అతని బిడ్డకు జ్వరం తగ్గకపోతే చిన్నమ్మే ఏదో చేసిందన్నాడు. ఆ మాట పుట్టిన తర్వాత నాటు వేసే ఆడవాళ్ల గుంపు ఆమెను పిలవడం మానేసింది. పొలం బురద అంటక ఆమె చేతులు పొడి చేతులయ్యాయి. ఆమెకు ఇంకో బతుకుదెరువు లేదు.

పొద్దున ముందుగా ఆమె మాట రికార్డు చేశాను. బిడ్డ వరంగల్ దవాఖానలో నయమై అప్పటికే ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం అతని ఇంటి ముందు కూర్చున్నాను. రెండు గంటలు వాదించాక అతను తల వంచుకుని కెమెరా ముందు అన్నాడు:

"మా చిన్నమ్మ ఏం జేయలే. నేనే పరేషాన్ల అట్లన్న. తప్పయింది."

కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి. అక్కడే ఒకసారి వెనక్కి తిప్పి చూడాలని నాకు తోచలేదు. ఆదివారం గ్రామ పంచాయతీ ముందు అందరికీ చూపిస్తానని ఆమెకు మాట ఇచ్చి బస్సెక్కాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్‌కు పెడితే ఆమె మాట ఉంది. అతని మాట లేదు. ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, లోపల ఏమీ లేదు.

మర్నాడు రైలెక్కాను. కేసముద్రం దాటాక మహబూబాబాద్‌లో దిగి, పెళ్లి వీడియోలు తీసే ఒక పాత పరిచయస్తుడి స్టూడియోకు వెళ్లాను. అతను కార్డును పెట్టి చాలాసేపు చూశాడు.

"డూప్లికేట్ సార్. మీద రాసిన దాంట్ల పదో వంతు గూడ పట్టదు. అది నిండినంక వచ్చిందంత వచ్చినట్టే పారేస్తది."

"ఏదో సాఫ్ట్‌వేర్‌తో తీయొచ్చంటారు కదా?"

"చెరిగిపోయిందాన్ని తీస్తం. రాయనే రాయందాన్ని ఎట్ల తీస్తం? లేనిదాన్ని ఉన్నదనుకుంటె మీరే కోపానికి వస్తరు గద!"

అతని కార్డుల డబ్బా మీద కూడా బొట్టు ఉంది. నా చూపు పసిగట్టి నవ్వాడు. "బొట్టూ పెడత, చెక్ గూడ జేస్త సార్. మీరు రెండూ జేయలే."

ఆ తర్వాత ఓపికగా చెప్పాడు. పెద్దగా అచ్చేసిన వేగం చాలావరకు చదివే వేగమట. వీడియోకు కావలసింది రాసే వేగం. వి అనే ఇంగ్లీషు అక్షరం పక్కన ఉండే చిన్న అంకె చూడాలట. అది ముప్పై అయితే మామూలు వీడియోకు చాలట. బిల్లు ఇచ్చే చోట సీలు పాకెట్టే కొనాలట. కొన్నాక కార్డును అంచుదాకా నింపి, తిరిగి చదివించి చూడాలట. అందుకు ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉందట. అది రాసిచ్చాడు. ముప్పై ఏళ్లుగా నేను జనానికి చెబుతున్నది ఇదే. మీద రాసిందాన్ని నమ్మకు, లోపల ఏముందో చూడు. బొట్టు ఉందని కొనేవాడికీ బొట్టు లేదని కొన్న నాకూ తేడా ఏమిటో స్టేషన్‌దాకా నడుస్తూ వెతికాను. దొరకలేదు.

ఆదివారం వట్టి చేతులతో వెళ్లాను. ఈలోగా నింద వేసినవాడికి వీడియో పోయిందని ఎవరో చెప్పినట్టున్నారు. పంచాయతీ ముందు పదిమందిలో నా వైపు తిరిగి అడిగాడు:

"నేనెప్పుడన్న సార్? ఉంటె చూపెట్టు."

సభల్లో బాబాల భక్తులను నేను అడిగే మాట అది. ఆధారం ఉంటే చూపించు. నేను చూపించలేకపోయాను. అందరూ లేచి వెళ్లిపోయారు.

ముసలామె తన గడపలోనే కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను.

"నేనన్నది ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కిందవ్వా."

"నాదెక్కి ఏం లాభం? నేను జేయలేదని నాకు ఎరుకే గద."

యాసంగి నాట్లు మొదలయ్యాయి. మేము మాట్లాడుతుండగానే ఆడవాళ్ల గుంపుతో ఆటో ఒకటి ఆమె ఇంటి ముందు నుంచి పోయింది. ఆగలేదు. ఆమె తల ఎత్తి కూడా చూడలేదు.

ఆ తర్వాత పరీక్షించిన రెండు కార్డులతో మూడుసార్లు వెళ్లాను. అతను మొహం చాటేస్తున్నాడు. "నాట్లయినంక మాట్లాడుదాం" అంటాడు. నాట్లయ్యాక ఆమెకు ఆ మాటతో పనేముంది? అయినా మళ్లీ వెళ్తాను. ఓపిక ఉండి కాదు, తప్పు నాది కాబట్టి.

మీరు రికార్డు చేసేది పెళ్లి కావచ్చు, పంచాయతీ కావచ్చు. ఈ పుట మూసి మీ సంచిలోంచి ఆ కార్డు బయటికి తీయండి. అంచుదాకా నింపండి. తిరిగి చదివించండి. చదవకపోతే ఇప్పుడే, మీ చేత్తోనే విరిచి పారేయండి.