పట్టికలో లేని డ్రమ్మర్

ఆ బ్యాండ్‌లో ఎవరు ఎప్పుడు చేరారో, ఎవరు ఎప్పుడు తప్పుకున్నారో ఒకప్పుడు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొప్ప కోసం చెప్పటం లేదు. ఆస్ట్రేలియాలో ఒక గనుల ఊళ్ళో పుట్టిన బ్యాండ్ అది, గొంతు చించుకుని అరిచే డెత్ మెటల్ పాటలు వాళ్ళవి. పన్నెండేళ్ళలో అయిదుగురు డ్రమ్మర్లు మారారు, ముగ్గురు గాయకులు మారారు, బేస్ వాయించేవాళ్ళయితే వచ్చినవాడు వచ్చినట్టే పోయేవాడు. మొదట్నుంచీ ఉన్నది గిటార్ వాయించే ఒక్కడే. ఒంగోలు పక్కన పుట్టి, సింగపూర్‌లో బ్యాంకు ప్రోగ్రాములు టెస్ట్ చేసుకుని బతికే నాకు వాళ్ళ గొడవ ఎందుకని ఫోన్ చేసినప్పుడల్లా మా అక్క అడిగేది. ఆ గొడవలో నేను చేసిన తప్పొకటి ఇప్పటికీ అలాగే ఉంది. దిద్దుదామంటే నా వల్ల కావటం లేదు.

అవి వైటూకే భయం పట్టుకున్న రోజులు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక కూలిపోతాయని. కంప్యూటర్ అనే మాట పలకగలిగిన ప్రతివాణ్ణీ విమానం ఎక్కించేవాళ్ళు. నన్ను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో కూర్చోబెట్టారు. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములకి ముందు రాబోయే తేదీలు ఇచ్చి నడిపి, ఎక్కడ తప్పు జరుగుతుందో పట్టుకోవటం నా పని. తప్పు దొరికితే నంబరు వేసి, రుజువు జతచేసి పంపాలి. రుజువు లేకపోతే తప్పు లేనట్టే. రెండేళ్ళు ఆ పని చేస్తే మనిషి బుర్ర కూడా అలాగే తయారవుతుంది. నాది పుట్టుకతోనే సగం అలా ఉండేది. నే పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నేను.

ఆ పాటలు నాకు అలవాటు చేసింది మెషిన్ రూమ్‌లో పనిచేసే ఒకాయన. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. వాళ్ళ తాత మలయా రబ్బరు తోటల్లోకి వచ్చిన తెలుగువాడు. ఆయన తెలుగులో సగం అరవం, మిగతా సగంలో మలయ్, మాట చివర అక్కడివాళ్ళందరిలాగే ఒక లా. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడగా వినలేదు. అలాంటి మనిషి హెడ్‌ఫోన్స్‌లో వినేది ఆ కేకలు. ఒకరోజు మా మేనేజరు అందరిముందూ నన్ను నిలబెట్టి తిట్టాడు. ఆ మధ్యాహ్నం చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో నేను అన్నం కెలుకుతూ కూర్చుంటే, అన్న ఆ హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకి పెట్టాడు. రోడ్డు రోలరు కింద ఎవరో పడ్డారనుకున్నాను. మూడో పాటకి నాకు ఏడుపొచ్చింది. పొద్దున్నుంచీ నేను దిగమింగుకున్నదంతా ఎవడో నా బదులు అరుస్తున్నాడు.

అప్పట్నుంచీ పిచ్చి పట్టింది. ఊరికి దూరంగా యూ టీ అనే పేటలో మేం నలుగురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను ఆ క్యాసెట్ పెట్టగానే మా కరీంనగర్ తమ్ముడు వంటింట్లోంచి, "అన్నా, బర్రె ఈనుతున్నట్టున్నది, జర తగ్గియ్యే" అనేవాడు. మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నేను తగ్గించేవాణ్ణి కాదు.

అన్న దగ్గర బిస్కెట్ డబ్బాల నిండా ఆ బ్యాండ్ క్యాసెట్లు, సీడీలు, అభిమానులు జిరాక్స్ తీసి పంచుకునే చిన్న పత్రికలు ఉండేవి. అవన్నీ ఆదివారాలు ముందేసుకుని ఒక పట్టిక తయారుచేశాను. ఎడమవైపు పేర్లు, పైన సంవత్సరాలు, ఎవరు ఎన్నాళ్ళున్నారో అన్ని గళ్ళకి రంగు. చివరి గడిలో ఆధారం. ఉచితంగా పేజీ పెట్టుకోనిచ్చే సైట్లు అప్పుడే కొత్తగా వచ్చాయి. అన్నా నేనూ కలిసి అందులో ఒకదాంట్లో పెట్టేశాం. నెల తిరగకుండానే మెయిళ్ళు మొదలయ్యాయి. వారం రోజులు బేస్ వాయించానని ఒకడు, మొదటి పాట తనదేనని ఇంకొకడు. వీళ్ళ బాధ పడలేక ఒక రూలు పెట్టాను. విడుదలైన క్యాసెట్ మీదో సీడీ మీదో పేరు అచ్చయి ఉంటేనే పట్టికలో చోటు.

ఆ రూలు వల్లే పేజీకి పేరొచ్చింది. ఎక్కడ ఎవరు వాదించుకున్నా మా పట్టిక చూపించి నోరు మూయించేవాళ్ళు. ఒకరోజు ఆ గిటార్ మనిషే రెండు వాక్యాలు రాశాడు. తనకే గుర్తులేనివి అందులో ఉన్నాయట, సంతోషమట. దాన్ని ప్రింటు తీసి మా ఫ్రిజ్ మీద, వంట వంతుల కాగితం పక్కన అంటించాను. ఆఫీసులో నేనెవరో మేనేజరుకి సరిగ్గా తెలియదు. ఇక్కడ మాత్రం నా మాటే చెల్లుతోంది. కళ్ళు నెత్తికెక్కాయంటే ఎక్కవూ?

అప్పుడొచ్చింది ఆస్ట్రేలియా నుంచి ఒక పెద్దావిడ మెయిల్. వాళ్ళ ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళకి కంప్యూటర్ నేర్పుతుంటే చేరానని, ఇది తను జన్మలో రాస్తున్న నాలుగో మెయిల్ అని మొదలుపెట్టింది. మీరు మొదటి డ్రమ్మర్ అని రాసినతను నిజానికి రెండోవాడు, మొదటివాడు మా అబ్బాయి అంది. పదకొండు నెలలు వాళ్ళింటి గరాజ్‌లోనే వాయించారట. మొదటి క్యాసెట్ రాకముందే ఆ అబ్బాయి కారు ప్రమాదంలో పోయాడు. పంతొమ్మిదేళ్ళు. పట్టికలో వాడి పేరు కలపగలరా అని అడిగింది. వీలైతేనే, అంది.

నేను ఒక వాక్యంలో విచారం తెలిపి, ఆరు వాక్యాల్లో రూలు వివరించాను. అచ్చయిన ఆధారం ఏదైనా ఉంటే తప్పకుండా పరిశీలిస్తానన్నాను. పరిశీలిస్తాను అనే మాట వాడినందుకు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వారం తర్వాత ఆమె జవాబు రాసింది. "ప్రతి శనివారం వాళ్ళకి నేనే శాండ్‌విచ్‌లు చేసేదాన్ని. ఎవరికి ఉల్లిపాయ పడదో ఇప్పటికీ చెప్పగలను. అది ఆధారం అవుతుందా? పక్కింటాయన చప్పుడు భరించలేక పోలీసులకి ఫిర్యాదు కూడా చేశాడు. ఆ కాగితం దొరుకుతుందేమో వెతుకుతాను."

మధ్యాహ్నం భోజనాల దగ్గర అది అన్నకి చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. "పేరు పెట్టు లా తంబీ. ఒక వరస. ఎంత చోటు పడుతుంది?" అన్నాడు. చోటు గురించి కాదన్నా, ఇవాళ ఈమెకి పెడితే రేపు ఇంకొకడొస్తాడు, అప్పుడు పట్టికకి విలువేముంటుంది అని ఉపన్యాసం ఇచ్చాను. ఆయన విన్నాడు. వినటం ఆయన అలవాటు.

పోలీసు కాగితం దొరకలేదనుకుంటాను. నా చిరునామా అడిగి, యూ టీకి ఒక కవరు పంపింది. లోపల ఒక ఫోటో. గరాజ్‌లో నలుగురు కుర్రాళ్ళు. గిటార్ మనిషిని వెంటనే గుర్తుపట్టాను, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. డ్రమ్స్ వెనక కూర్చున్నవాడి మొహానికి సరిగ్గా డ్రమ్స్ పక్కన స్టాండు మీదుండే ఇత్తడి తాళం పళ్ళెం అడ్డం వచ్చింది. ఒక మోచెయ్యి, ఒక మోకాలు, పళ్ళెం మీదుగా కొంచెం జుట్టు, అంతే కనిపిస్తున్నాయి. వెనక పెన్సిల్‌తో నాలుగు పేర్లు. పెన్సిల్ రాత ఎప్పుడైనా రాయొచ్చు. తేదీ లేదు. మొహం లేదు. నేను ఆ ఫోటోని కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, సరిపోదని తేల్చేశాను.

మా పనిలో క్లయింట్ ఇచ్చిన అసలు కాగితం మన దగ్గర ఉంచుకోకూడదు. వాడినా వాడకపోయినా వెనక్కి పంపాలి. అలాగే పంపాను. వంగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి, ఆమె కవరు మీది చిరునామా చూసి కొత్త కవరు మీద రాసి, రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. పాత కవరు చెత్తబుట్టలో వేశాను. కాపీ తీసుకోలేదు. పనికిరాని రుజువుకి కాపీ ఎందుకు? అట్టముక్కలు పెట్టినందుకు మాత్రం ఎంత మర్యాదగా చేశానా అని మురిసిపోయాను.

ఫోటో ఏమైందని అన్న అడిగితే చెప్పాను. ఆయన చెంచా పక్కన పెట్టాడు. "ఆ అమ్మ పంపింది రుజువు కాదు తంబీ. కొడుకుని పంపింది. నువ్వు వాపస్ పంపావు."

తర్వాత ఆయన నాతో భోజనానికి రావటం మానేశాడు. కనిపిస్తే పలకరించేవాడు, మకాన్ అయిందా, అంటే భోజనం అయిందా అని అడిగేవాడు, ఆగేవాడు కాదు. ఆ దేశంలో నాకున్న ఒక్క స్నేహం అది. రోషం వచ్చింది. నాదే ఒప్పని తేల్చుకుందామని ఆ గిటార్ మనిషికి ఆఫీసు నుంచే మెయిల్ రాశాను, ఇలా ఒకావిడ అంటోంది, నిజమా అని. నిజం తెలుసుకుందామని రాశానంటే అబద్ధం అవుతుంది. లేదని అతను చెప్తే ఆ జవాబు తీసుకెళ్ళి అన్న మొహాన చూపిద్దామని రాశాను.

నెలలు గడిచాయి, జవాబు లేదు. ఆమె దగ్గర్నుంచీ ఇంకేం రాలేదు. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ కూలిపోలేదు. అందరూ ఇంటర్నెట్ కంపెనీల మాటే మాట్లాడారు, ఆ తర్వాత ఆ మాటలు కూడా తగ్గి, పక్క సీట్లు ఒక్కొక్కటే ఖాళీ అవటం మొదలైంది. అలాంటి ఒక పొద్దున జవాబొచ్చింది.

అవును, మొదటివాడు వాడేనని రాశాడు. బ్యాండ్‌కి ఆ పేరు పెట్టింది కూడా వాడే. ఎవరూ అడగరు కాబట్టి తను చెప్పడు. "ఆ రోజు కారు నడిపింది నేను. వాళ్ళమ్మ ఉండే వీధిలోకి ఇప్పటికీ వెళ్ళలేను. వాడి పేరు పెట్టు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా రాయకు."

వెంటనే పట్టిక తెరిచి, అన్నిటికంటే పైన ఒక వరస చేర్చి, పదకొండు నెలలకీ రంగు వేశాను. ఆధారం గడి ఖాళీగా వదిలేశాను. ఆమెకి క్షమాపణ రాశాను. ఈసారి రూలు ఊసెత్తలేదు. నిమిషంలో తిరిగొచ్చింది, ఆ చిరునామా లేదని. అప్పట్లో ఉచిత మెయిల్ కొన్నాళ్ళు తెరవకపోతే మూసేసేవాళ్ళు. తెరవటానికి ఆమెకి నేను ఏం మిగిల్చాను గనక? ఇంటి చిరునామా నేను పారేసిన కవరు మీద ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆమె వీధి పేరైనా చెప్పమని గిటార్ మనిషికి మళ్ళీ రాశాను. ఆ మెయిల్‌కి జవాబు రానేలేదు.

మెషిన్ రూమ్‌కి వెళ్ళి అన్నకి ఆ వరస చూపించాను. ఆయన తెర దగ్గరగా వంగి పేరు చదివాడు. మెల్లగా పైకే చదివాడు.

"మంచిది లా. ఆ అమ్మకి తెలుసా?" అన్నాడు.

తెలియదన్నాను. ఆయన తల ఊపి తన పనిలోకి తిరిగిపోయాడు.

అయిదారు వారాలకి నా వంతొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి పిలిచి, నాలుగింటికల్లా బయటికి పంపేశారు. కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. అతను రాసిన మెయిల్ అందులోనే పోయింది. ఆ ఏడాది చివర్లో పేజీలు ఉచితంగా ఇచ్చే కంపెనీ మూతపడింది. చెప్పాపెట్టకుండా అన్నీ తుడిచేశారు. మా పట్టిక ఆ వరసతో సహా పోయింది.

ఇప్పుడు బ్యాండ్ల చరిత్రలు రాసిపెట్టే పెద్ద పెద్ద సైట్లున్నాయి. అన్నిట్లోనూ ఆ బ్యాండ్ పట్టిక ఉంది, అన్నిట్లోనూ అది నాదే. మూడో బేస్ మనిషి మానేసిన నెల నేను తప్పు వేశాను, ఆ తప్పుతో సహా ఎత్తి రాసుకున్నారు. కాకపోతే వాళ్ళు ఎత్తి రాసుకున్నది ముందటి పట్టిక, ఆమె అడిగినప్పుడు ఉన్నది. అందులో మొదటి వరసలో రెండోవాడే మొదటివాడు. బ్యాండ్ ఎప్పుడో విడిపోయింది. అందులో కొందరు పోయారు కూడా. గిటార్ మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇంకెవరూ దాన్ని మార్చమని అడగరు.

నేను అడిగాను. ఒకసారి కాదు. మొదటి డ్రమ్మర్ వేరే ఉన్నాడని, పేరు ఇదని, పదకొండు నెలలు వాయించాడని రాశాను. ఆధారం ఏమిటన్నారు. ఫోటో చూశానన్నాను. ఉంటే పంపమన్నారు. లేదు. ఆ బ్యాండ్ మనిషే నాకు చెప్పాడన్నాను. ఆ మెయిల్ చూపించమన్నారు. అదీ లేదు. చాలా మర్యాదగా, మా దగ్గరున్న పాత పేజీలో ఆ పేరు లేదండీ, ఈ బ్యాండ్ విషయంలో అంతకంటే నమ్మదగింది ఇంకొకటి లేదని జవాబిచ్చారు. ఆ పేజీ రాసింది నేనేనని చెప్పాను. దానికీ రుజువు అడిగారు.

నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే రాస్తాను, రాశాను. నా బాధ వాళ్ళ గురించి కాదు. కొడుకు పేరు కోసం ఆ వయసులో కంప్యూటర్ నేర్చుకున్న మనిషి, మొదట్లో లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా ఆ పేజీ తెరిచి చూసుకునే ఉంటుంది. ఆ పేరు అందులో ఉన్న ఆ కొద్ది నెలల్లో ఆమె ఒక్కసారైనా తెరిచిందో లేదో నాకు తెలియదు. తెరవలేదనే అనుకుంటున్నాను.