మూసి ఉందని చెప్పిన గేటు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఫోనులో అన్న ఒక్క వాక్యం. మోసేకొద్దీ బరువెక్కుతోంది. పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేస్తారు, మా ఆవిడకు చెబితే చేయదు, రెండూ భరించలేను. అందుకే మీకు చెబుతున్నాను.

సిడ్నీలో మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం రెండింటికి. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయాక ఆ చర్చి హాలు మాకిస్తారు. పాటలు నేను నడిపిస్తాను. గిరావీన్‌లో మా వీధిలోనే ఉండే అనితను చూడటానికి ఆ ఏడాది వాళ్ల అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చారు. వచ్చిన రెండో నెలలో అంకుల్ గుండెపోటుతో పోయారు. ఇక్కడే సమాధి చేశాం. సుగుణమ్మ ఆంటీ వీసా ఈస్టరు దాటిన వారానికి అయిపోతుంది.

ఈస్టరు ముందురోజు మధ్యాహ్నం ఆంటీ ఫోను చేశారు.

“రేపు అనితకి హాస్పిటల్లో మార్నింగ్ షిఫ్టంట నాన్నా. తెల్లారేసరికి నన్ను మీ అంకుల్ దగ్గరికి తీసుకెళ్తావా? మన వైపు ఈస్టరు పొద్దున్నే సమాధులకాడికెళ్లి కొవ్వొత్తులు పెట్టి పాడతాం గదా. నలభై ఏళ్లు ఆయన పక్కన నిలబడి పాడా. ఈసారి ఆయన కోసం పాడాలి.”

“రేపు పబ్లిక్ హాలిడే కదా ఆంటీ, సిమెట్రీ గేట్లు తీయరు,” అన్నాను.

ఆవిడ నవ్వారు.

“సర్లే నాన్నా. ప్రభువు సమాధికి పెట్టిన అంత పెద్ద రాయే దొర్లిపోయింది, గేటుదేముంది. నువ్వు పడుకో. రేపు పాడాలిగా, గొంతు జాగ్రత్త.”

ఎందుకలా అన్నాను? గేటు సంగతి నాకు తెలియదు, కనుక్కోనూ లేదు. మధ్యాహ్నం దాకా ఖాళీయే. నిద్ర కోసం, అంతే. పైగా ఆ ఆదివారమే ఇక్కడ వేసవి వేళలు ముగిసి గడియారాలు గంట వెనక్కి జరిగాయి. ఊరందరికీ ఒక గంట ఊరికే వచ్చింది. నాకది కూడా చాలలేదు. ప్రభువు లేచిన ఉదయాన నేను లేవలేదు. మొదట్లో ఇది తలచుకుని నవ్వుకునేవాణ్ణి కూడా.

ఆ మధ్యాహ్నం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఆంటీ నిలబడ్డారు. తెల్లవారుజామున బాల్కనీలో కొవ్వొత్తి వెలిగించానని, ఆయన ఎటువైపు ఉన్నారో తెలియక నాలుగు దిక్కులకూ తిరిగి పాడానని, దేవుడికి స్తోత్రమని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. మైకు నా చేతిలో ఉంది. నా ఆమెనే గట్టిగా వినబడింది.

శుక్రవారం ఆవిడ వెళ్లిపోయారు. వానలు పడకముందే గుంటూరులో కన్నుమూశారు. ఆయన ఇక్కడ, ఆవిడ అక్కడ.

మరుసటి ఈస్టరుకు చీకటితోనే లేచి వెళ్లాను. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల టోంగా దీవుల కుటుంబం ఒకటి పూలు పరిచి, గొంతులన్నీ కలిపి పాడుతోంది. అంకుల్ సమాధి ముందు నిలబడి నేనూ పాడబోయాను. అంత జాగ్రత్తగా దాచుకున్న గొంతు, రాలేదు.

పోయినవాళ్లను మళ్లీ చూస్తామన్నదే ఈస్టరు ఇచ్చే నిరీక్షణ. ఏటా ఆ మాట మైకులో నేనే చెబుతాను. వింటున్నవాళ్ల ముఖాలు విప్పారుతాయి. నాకు భయం వేస్తుంది. చూస్తామంటే, ఆంటీని నేనూ చూడాలి కదా? పోనీ అదంతా ఉత్తదైతే బాగుండునా? ఆ మాట అనుకోలేను. ఆ ఇద్దరూ మళ్లీ ఒకరి పక్కన ఒకరు నిలబడి పాడాలంటే అది నిజం కావాల్సిందే, నేను తలెత్తలేకపోయినా సరే.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఆవిడకు చెప్పాల్సింది ఇన్నాళ్లకు ఒకసారి రాయగలిగాను, అంతే.

గేటు తీసే ఉందాంటీ. నేనే రాలేదు.