మంగళవారం పుట్టిన కోడిపిల్లలు

మొన్న చౌటుప్పల్‌లో ఒక పెళ్ళికి పోతే, బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, రిటైరైన మరుసటి వారమే నాలుగెకరాలు కొని తానూ రైతునని చెప్పుకునే రకం, కోడికూర నములుతూనే నాకు కోళ్ళ పెంపకం మీద పాఠం చెప్పాడు. ఒకరోజు వయసు పిల్లలను వసంతకాలంలోనే తెప్పించుకోవాలట, అప్పుడు ఎండ నులివెచ్చగా ఉంటుందట, ఫోనులో చదివాడట. ఆ రాసినవాడెవడో గానీ, నల్లగొండ జిల్లాలో చైత్రమాసపు మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాడు మాత్రం కాదు. నేను తలవంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను. ఇంతకంటే ఘనంగా కోడిపిల్లల ప్రణాళికలు వేసినవాళ్ళను నేను సొంత ఇంట్లోనే చూసి ఉన్నాను మరి.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల మొదట్లో మన హైవే పొడుగునా ఊరికొక కోళ్ళ షెడ్డు లేచింది. అంతకు ముందు ద్రాక్షతోటలన్నారు, ఆ ముందు పట్టుపురుగులన్నారు. ఎవడో ఒకడు బాగుపడ్డాడని వినడం, మిగతావాళ్ళంతా వెళ్ళి అదే గుంటలో దూకడం మా వైపు వ్యవసాయ శాస్త్రం. మా ఊరు చిట్యాలకు దగ్గర. మా చిన్నాయన భివండిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఏడాదికొకసారి వచ్చి, కొన్నాళ్ళు అరుగు మీద దగ్గుతూ కూర్చుని, మళ్ళీ పోయేవాడు. ఆ ఏడు ఆయన వచ్చినప్పుడు చిన్నమ్మ పట్టుబట్టి, ఊరి బయట ఉన్న జాగాలో సిమెంటు రేకుల షెడ్డు వేయించింది. మొదటి దఫా కోళ్ళు బాగా వస్తే చిన్నాయన ఇంటి దగ్గరే ఉండిపోతాడు, లేకపోతే ఎండాకాలంలోనే భివండి బండెక్కుతాడు, అంతవరకే అక్కడి మగ్గాల సేటు ఆయన చోటు ఇంకొకరికి ఇవ్వకుండా ఉంచుతానన్నాడు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఏం చేశారన్నదే చెప్పబోతున్నాను.

చిట్యాలలో కోడికూర దుకాణం నడిపే సాయబును మేమంతా మామ అనేవాళ్ళం. ఆ ఏడు ఉగాది పోయిన నెలకు రంజాన్ పండుగ పడింది. పండుగకు తూకానికి వచ్చిన కోళ్ళు ఎన్ని ఉంటే అన్నీ తనే తీసుకుంటానని మామ మాటిచ్చాడు. పిల్ల పెరిగి తూకానికి రావాలంటే ఏడు వారాలు. పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే కామునిపున్నమి లోపల పిల్లలు షెడ్డులో ఉండాలి. అలా ఉంటే ముదిరిన ఎండల్లోకి పెద్ద కోళ్ళతో పోయే అవసరమూ రాదు. దీనికి పంచాంగం అక్కర్లేదు, చేతివేళ్ళు చాలు.

మా ఇంట్లో వేళ్ళున్నవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ, నిర్ణయాలు మాత్రం పెద్దనాయినవి. ఆయన జీవితంలో కోడిని పళ్ళెంలో తప్ప మరెక్కడా శ్రద్ధగా గమనించలేదు, అయినా మాఘమాసమంతా ప్రతి సాయంత్రం అరుగు మీద సభ పెట్టి, ఆ చలికి పిల్లలు తట్టుకోవని తీర్మానం చేస్తూ పోయాడు. పిల్లలకు బల్బులు పెట్టి వెచ్చన చేస్తారని ఎవరో చెప్పబోతే, కరెంటు పోతే నువ్వొచ్చి ఊదుతావా అని నోరు మూయించాడు. శివరాత్రి అయ్యాక మాత్రం చలి మీద నేరం మోపడం కుదరలేదు. డిగ్రీ తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే కనుక హైద్రాబాద్ దిక్కున్న హేచరీకి నన్ను పంపారు. నేను తెచ్చిన వార్త ఒకటే: అక్కడ పిల్లలు గుడ్లలోంచి దిగేది వారానికొకసారి, అదీ మంగళవారం, ఆనాడే తీసుకుపోవాలి.

పెద్దనాయిన తువ్వాలను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. మంగళవారం నాడు ప్రాణమున్నదేదీ కొత్తగా ఇంటికి రాకూడదన్నాడు.

“మరి మా పెద్దన్న మంగళారమే పుట్టె గద పెద్దనాయినా,” అన్నాను.

“గందుకే గట్ల తయారైండు,” అన్నాడాయన, పక్కనే కూర్చున్న కొడుకు వైపు కూడా చూడకుండా.

ఆ తర్వాత ఆయన నన్ను మళ్ళీ హేచరీకి పంపి, పిల్లలను గురువారం పుట్టించమని అడిగి రమ్మన్నాడు. నేను అడిగాను కూడా. అక్కడి గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, ఎంతవరకు చదివావని అడిగాడు. ఒక మంగళవారం ఈ రాయబారంలో పోయింది, ఇంకొకటి అష్టమి పడిందని పోయింది, మరొకటి ఎందుకు పోయిందో పెద్దనాయినకే గుర్తులేదు. కామునిపున్నమి వచ్చి, ఊరి పోరగాళ్ళు చందాలు వసూలు చేసుకుని మంటలు వేసుకున్నాక వెళ్ళిపోయింది. చిన్నాయన సంగతి చెప్పాలంటే, చెవులు పగిలే చప్పుడులో అన్ని మగ్గాలను ఒంటిచేత్తో నడిపించిన మనిషి, అన్న ఎదుట మాత్రం దగ్గు తప్ప మరో శబ్దం చేయలేదు. దాన్ని మా ఊళ్ళో మర్యాద అంటారు.

చివరికి చిన్నమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని గడప దగ్గరికొచ్చి నిలబడింది.

“బావా, మంగళారం పిల్లలను చిట్యాలల దించుకుంటం. మామోల్లింట్ల ఉంటయి. బుధారం పొద్దున మనింటికొస్తయి. గప్పుడు తప్పు లేదు గద?”

పెద్దనాయిన తాను ముందునుంచీ అదే చెబుతున్నానన్నాడు.

అలా, బస్సు మీద అట్టపెట్టెల్లో కిచకిచమంటూ వచ్చిన ఆ పిల్లలు భూమ్మీద తమ మొదటి రాత్రి కోడికూర దుకాణం వెనక గదిలో గడిపాయి. మామ భార్య, మాకు అత్త, నేల మీద ఊక పరిచి, బల్బు కిందికి దించి, ఒక్కో పిల్ల ముక్కును బెల్లం నీళ్ళలో ముంచుతూ కూర్చుంది. గోడకు అవతల మొద్దు, కత్తి. పోవలసిన చోటును ముందే చూసి రావడం మనుషుల్లో కూడా అందరికీ దొరికే యోగం కాదు. ఒక్కటీ చావలేదు. బుధవారం పొద్దున పెద్దనాయిన షెడ్డు గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాడు. ఆ వ్యాపారంలో ఆయన చేసిన శారీరక శ్రమ అదొక్కటే.

పండుగ దగ్గరపడ్డాక మామ వచ్చి, ఒక కోడిని రెక్కలు పట్టి లేపి, చేతిలోనే తూచి, మెల్లగా కింద పెట్టాడు.

“ఏం జెయ్య చెల్లే, మాటిచ్చిన గని గిది ఇంక కోడి గాలే. రెండు మంగళారాలు ముందు తెచ్చుకుంటె సరిపోతుండె.”

మామ వేరే ఊరి కోళ్ళు తెచ్చుకున్నాడు. మా కోళ్ళు సరిగ్గా తూకానికొచ్చే వేళకు వైశాఖపు ఎండ రేకుల మీదికొచ్చి కూర్చుంది. గోనెసంచులు తడిపి కప్పాం, నీళ్ళు చల్లాం. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి, మళ్ళీ రాకపోయేసరికి, నోళ్ళు తెరిచి ఎగపోసుకుంటున్నవన్నీ వరసగా ఒరిగిపోయాయి. మిగిలినవి అడిగిన ధరకు ఇచ్చేశాం.

చిన్నాయన బయలుదేరే రోజు కూడా పెద్దనాయిన సభ మానలేదు.

“బుధారం తెచ్చినం గన్క గిన్నన్న దక్కినయి,” అన్నాడు.

అరుగు మీద తలలు ఊగాయి. చిన్నమ్మ లోపల దారికి జొన్నరొట్టెలు మూట కడుతోంది.

మరుసటేడు ఆమె ఎవరినీ అడగలేదు. మాఘమాసంలోనే ఒక మంగళవారం నాడు పిల్లలు బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయాయి, రంజాన్‌కు మామ అన్నీ ఎత్తుకున్నాడు. ఇక వచ్చేయమని చిన్నాయనకు నాతో ఉత్తరం రాయించింది. తనను సేటు మేస్త్రీని చేశాడని, వచ్చే ఏడు చూద్దామని జవాబు వచ్చింది. వచ్చే ఏడూ అదే జవాబు. మధ్యమధ్య వచ్చినప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి, బాగున్నాయని చెప్పి పోయేవాడు. ఎన్నో ఏళ్ళకు, అక్కడి మగ్గాలు మూతపడ్డాక, తిరిగి రానే వచ్చాడు. అప్పటికి చిన్నమ్మకు ఒక్కతే అన్నీ చూసుకోవడం అలవాటైపోయింది. ఆయన షెడ్డు దగ్గరికి వస్తే తుడిచి కుర్చీ వేసేది, చుట్టం వస్తే వేసినట్టు.

ఇప్పుడు మా వైపు పిల్లలను కంపెనీవాళ్ళే తెచ్చి దించుతారు, దాణా వాళ్ళదే, మందు వాళ్ళదే, పెరిగాక ఎత్తుకుపోయేదీ వాళ్ళే. షెడ్డు ఉన్నవాడికి ఏ రోజు వస్తాయో ఫోనుకు కబురొస్తుంది. మాఘమా, వైశాఖమా, మంగళవారమా అని అడిగేవాడు లేడు, అరుగులు కూడా లేవు, రోడ్డు వెడల్పులో పోయాయి. ఆ సభల మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఒక మనిషి ఇంట్లో ఉంటాడా, పోతాడా అన్నది ఇంటిల్లిపాదీ పొద్దుగూకేదాకా కూర్చుని తెలివితక్కువగానైనా మాట్లాడుకోవలసిన సంగతిగా ఉండేది. ఇప్పుడు మా వాడలో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో, తాళం చూసి తెలుసుకోవాల్సిందే.