నీలి దీపం కింద మాణెమ్మ అల్లం

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను జహీరాబాద్ దగ్గరి వ్యవసాయ ప్రయోగశాలకు సీనియర్ సైంటిస్టుగా వేశారు. అల్లం వేర్ల కణాల్లో చురుకైన ఆక్సిజన్ అణువులను కొలవడం నా పని. మొక్కకు జబ్బు తగిలినా, నీళ్ళు అందకపోయినా ఇవి పెరుగుతాయి. వీటిని పట్టడానికి మేము వాడే సెన్సర్ ఒక రంగు మందు. కణంలోకి వెళ్ళి ఆ అణువులు తగిలాక, మైక్రోస్కోప్ నీలి దీపం కింద ఆకుపచ్చగా మెరుస్తుంది.

దానికో లోపం ఉంది. నీలి దీపం ఎక్కువసేపు పడితే చాలు, జబ్బు లేకపోయినా మెరుస్తుంది. అందుకే ఫొటో తీసే క్షణంలోనే దీపం తెర తీయాలి. ఆరోగ్యమైన వేరును కూడా అదే రోజు, అంతే సేపు చూసి పోల్చాలి. దాన్ని కంట్రోల్ అంటాం. కొత్తగా చేరినవాళ్ళకు మేము నేర్పే మొదటి నియమం ఇదే.

మొగుడంపల్లి వైపు నుంచి మాణెమ్మ అనే రైతు తన విత్తన అల్లం తెచ్చింది. నాటే ముందు దుంపకుళ్ళు ఉందో లేదో తెలుసుకుందామని వచ్చింది. మమ్మల్ని నమ్మడమే ఆమె చేసిన తప్పు.

ఆ పూట నేను న్యాల్‌కల్ పొలాల్లో ఉన్నాను. ప్రయోగశాలకు పైఅధికారులు వచ్చారు. అతిథులకు మైక్రోస్కోప్ చూపించడం మా హెడ్ గారికి మహా సరదా. మాణెమ్మ అల్లం వేరు పెట్టి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. అందరూ ఆహా ఓహో అనేదాకా దీపం వెలుగుతూనే ఉంది. ఆ తర్వాత అదే వేరుకు ఫొటో తీయించారు. కంట్రోల్ అంటూ పాత ఫొటో ఒకటి పక్కన అతికించారు. విత్తనానికి పనికిరాదు, సున్నం చల్లి పూడ్చెయ్యాలి అని రిపోర్టు రాశారు. పొలాల నుంచి తిరిగొచ్చాక చేసిన రెండో సంతకం నాది. ఫొటో ఎలా తీశారని అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వారం తర్వాత లాగ్ పుస్తకం తిరగేస్తుంటే దీపం వెలిగిన సమయం కనబడింది. నలభై నిమిషాలు! ఆమె తెచ్చినవాటిలో ప్రయోగశాలలో మిగిలిన దుంపల వేర్లతో, కంట్రోల్ పక్కన పెట్టుకుని మళ్ళీ చేశాను. రెండూ ఒకేలా మసకగా ఉన్నాయి. దుంప ముక్కలను గాజు పళ్ళేల్లో పెంచి చూసినా కుళ్ళు తెగులు జాడ లేదు. హెడ్ గారికి చూపిస్తే, రిపోర్టు వెళ్ళిపోయింది, ఇప్పుడు మారిస్తే మన పరువేం కావాలి అన్నారు. పరువట!

ఆ మధ్యాహ్నమే మాణెమ్మ ఇంటికి వెళ్ళాను.

"మీ కాయితం వచ్చిన్నాడే పూడ్చిపెట్టిన మేడం," అంది. "మా అత్తమ్మ కాలం నుంచి ఉన్న ఇత్తనం. జర ఆగుదామన్నడు మా ఆయన. సదువుకున్నోళ్ళు మిషన్ పెట్టి చూసిన్రు, గట్లెట్ల తప్పు చెప్తరని నేనే గుంత తవ్వించిన."

జరిగింది చెప్పాను. అంతా విని ఆమె అడిగింది: "అయితే నా అల్లం మంచిదేనా?"

మంచిదే అన్నాను. సవరణ ఉత్తరం నా ఒక్కదాని సంతకంతో పంపాను. బదులుగా నాకు మెమో వచ్చింది.

దీపం వెలిగిన నిమిషాలు చూడకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టకూడదని ఆ సంఘటన నేర్పింది. రిటైరయ్యేదాకా పెట్టలేదు. నిజానికి అది కొత్త పాఠమేమీ కాదు. మాణెమ్మ రిపోర్టు మీద నేను సంతకం చేసిన రోజున కూడా ఆ నియమం మా గోడ మీద నా చేతిరాతతోనే అతికించి ఉంది.